కొత్త దొర వచ్చినప్పుడు

మొన్న పేపర్లో ఒక ఫొటో చూశాను. పెద్ద దేశానికి కొత్త అధ్యక్షుడు వచ్చాడట. పటంలో వెతుక్కుంటే తప్ప కనపడని ఒక చిన్న దేశపు ప్రధానమంత్రి ఆయన్ని చూడబోయాడు. ఏదో నగిషీ పెట్టె రెండు చేతులా పట్టుకుని ముందుకు చాపాడు. పెద్దాయన ఆ పెట్టె వైపు చూడడం లేదు, ఫొటోలు తీసేవాళ్ల వైపు చూస్తున్నాడు. "ఆ చిన్నాయన నవ్వు చూడు తాతా, ఎంత భయంగా ఉందో" అన్నాడు మా మనవడు. నేను నవ్వు చూడలేదు. చేతులు చూశాను. మరీ పైకి లేచి ఉన్నాయి. చిచ్చా ఉంటే కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఛాతికంటె కిందికుండాలె సేటూ, గంత మీదికి లేపితే ఇచ్చినట్టుండదు, మొక్కినట్టుంటది" అనేవాడు. ఇన్నేళ్ల తర్వాత ఆ గొంతు అంత దగ్గరగా వినపడేసరికి పేపరు మడిచి పక్కన పెట్టేశాను. ఆ పూట కొట్టుకు వచ్చినవాళ్లతో సరిగా మాట్లాడలేకపోయాను.

చిచ్చా నాకు చుట్టమేమీ కాదు. మట్టెవాడలో మా బట్టల కొట్టుకు ఆనుకునే వాళ్లిల్లు. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన చిచ్చానే, అంటే బాబాయే. అసలు పేరు ఒకటి ఉండేది, చాలా పొడుగు పేరు, దాన్ని ఆయన తప్ప ఎవరూ పూర్తిగా పలికిన పాపాన పోలేదు. నిజాం సర్కారు ఉన్నన్నాళ్లూ హైదరాబాదులో ఒక కచేరీలో పనిచేశాడు. ఇంగ్లీషు దొరల మర్యాదలు చూసుకోవడమే ఆ కచేరీ పని. ఇంగ్లీషు సర్కారు తరఫున కొత్త రెసిడెంటు దొర వస్తున్నాడంటే ఆయన ఏం తింటాడు, దొరసానికి ఏ పూల వాసన పడదు, ఎవరి పేరెత్తితే దొర మొహం మాడ్చుకుంటాడు, ఇవన్నీ ముందే కనుక్కుని పైవాళ్ల చెవిన వేయాలి. వంటవాణ్ణి అడిగేవారట, గుర్రాలవాణ్ణి అడిగేవారట, చాకలిని అడిగేవారట. దర్బారు రోజున చిచ్చా పైవాళ్ల వెనక నిలబడి, దొరకిచ్చే కానుకల నజరానా పళ్లెం అందించేవాడు. నలభై ఎనిమిదిలో ఆ సర్కారూ పోయింది, ఆ కచేరీ పోయింది. చిచ్చా ఒక ట్రంకుపెట్టెతో మట్టెవాడకు తిరిగొచ్చి తండ్రి కట్టిన ఇంట్లో చేరాడు.

ఆ సర్కారు మీద మా ఇంట్లో ప్రేమేమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. రజాకార్ల రోజుల్లో మా నాయన కొట్టుకు తాళం వేసి మమ్మల్నందరినీ మరిపెడ దగ్గర మేనమామ ఇంటికి తోలేశాడు. అందుకని చిచ్చా తిరిగొచ్చిన కొత్తలో నాయన ఆయనతో మాట్లాడేవాడు కాదు. చిచ్చా నొచ్చుకోలేదు. రోజూ పొద్దున మా కొట్టు ముందు ఆగి సలాం చేసేవాడు, జవాబు రాకపోతే నెమ్మదిగా ముందుకు పోయేవాడు, మర్నాడు మళ్లీ చేసేవాడు. చివరికి మా నాయనకే సిగ్గేసి "కూసో సాబ్" అన్నాడు. ఆ రోజు కూర్చున్నవాడు మరి లేవలేదు. నాయన పోయి గల్లాపెట్టె ముందుకు నేను వచ్చేసరికి చిచ్చా మా కొట్టు అరుగు మీద సామాన్లతో పాటు నాకు వారసత్వంగా వచ్చాడు.

ఎంత ఎండాకాలమైనా షేర్వాణీ బొత్తాములు మెడ దాకా పెట్టుకునేవాడు. చెమటలు కారిపోతున్నా పై బొత్తాం తీసేవాడు కాదు. ఇస్త్రీ చేసిన జేబురుమాలు ఒకటి ఉండేది, దాంతో ఎప్పుడూ ఏదీ తుడవగా నేను చూడలేదు. కళ్లజోడుకు వేరే గుడ్డ, మొహానికి వేరే గుడ్డ. ఉర్దూ పేపరు చదివే ముందు చేతులు కడుక్కునేవాడు, చదివిన తర్వాతా కడుక్కునేవాడు. ముందెందుకని అడిగితే అక్షరాల మీద గౌరవం అనేవాడు. తర్వాతెందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

లోకంలో ఎక్కడ కొత్తవాడు గద్దెనెక్కినా చిచ్చాకు పండగే. మోకాళ్లు రుద్దుకుంటూ "కూసున్నడు కొత్తోడు" అని మొదలుపెట్టేవాడు. అందరూ ఆ పెద్దవాడి గురించి మాట్లాడుకుంటుంటే ఈయన ధ్యాసంతా ఆ పెద్దవాడి పక్కింటి చిన్నవాళ్ల మీద ఉండేది. రష్యాలో మారితే పోలండు వాళ్లేం చేశారు, చైనా కళ్లెర్రజేస్తే నేపాలు వాళ్లేమన్నారు, ఇదీ ఆయన లెక్క. మొదటి రోజే పరుగెత్తేవాడు కొలువు అడుక్కునేవాడనీ, ఆఖరున పోయేవాడు కోపమున్నవాడనీ, నడుమ ఒక రోజు చూసుకుని పోవాలనీ అనేవాడు. పాతవాణ్ణి కొత్తవాడి ముందు పొగిడినా ముప్పే, తిట్టినా ముప్పే. ఈ మాటలు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు, ఆ రెసిడెంటు దొర ఇంకా మా కొట్టు వెనక గదిలో కూర్చున్నట్టు. మాకు నవ్వొచ్చేది.

ఆయన ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. ఒక కొత్త దొరకు కుక్కలంటే ప్రాణమని కూపీ లాగారట. కచేరీ అంతా హడావిడిపడి ఎక్కడెక్కడో వెతికి మంచి జాతికుక్కను తెప్పించి, మెడకు జరీ పట్టీ కట్టి ముందు నిలబెట్టారట. దొర దాన్ని చూసి మొహం తిప్పుకుని లోపలికి పోయాడు. ఎందుకయ్యా అంటే, పన్నెండేళ్లు పెంచుకున్న ఆయన కుక్క ఓడలో వస్తుండగా చచ్చిపోయింది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. చిచ్చా కూడా ఇది చెప్పి నవ్వేవాడు. ఒకసారి ఆ నవ్వు మధ్యలోనే ఆపి, ఉన్నట్టుండి ఢిల్లీ సంగతి ఎత్తాడు. ఇంగ్లీషువాళ్లు పోయి ఢిల్లీలో కొత్తవాళ్లు కూర్చున్నప్పుడు హైదరాబాదు చేసిన తప్పు ఏమిటో ఆ రోజు చెప్పాడు.

"ఇంగ్లీషోని ముందర వంగితే సంతోషపడేటోడు. వీళ్ల ముందర వంగితే చిరాకు పడ్డరు, నిటారుగ నిలబడితే కోపానికొచ్చిండ్రు. ఖద్దరు కట్టుకున్నోని దగ్గరికి మేం అదే షేర్వాణీల పోయినం, అదే పళ్లెం పట్టుకపోయినం. మారాల్సినప్పుడు మారలే సేటూ. గందుకే మునిగినం."

మునగాల్సిందే మునిగిందిలే అని నేను మనసులో అనుకున్నాను. పైకి అనలేదు. ఆయన కూడా ఆ సర్కారును వెనకేసుకొచ్చేవాడు కాదు. మునిగిన తీరే ఆయనకు మింగుడుపడేది కాదు.

చిచ్చాకు ఒక్కతే కూతురు. మేమందరం ఆపా అనేవాళ్లం, అక్క అన్నట్టు. ఆ నలభై ఎనిమిది గందరగోళం తర్వాత ఆమె భర్త ఆమెను వెంటబెట్టుకుని కరాచీ పోయాడు. అక్కడ ఆయన జబ్బుచేసి చనిపోయాడు, పిల్లల్లేరు. అత్తవారు పట్టించుకోలేదు. పంతొమ్మిదివందల అరవై దాటిన తర్వాత ఆమె తండ్రి దగ్గరికి వచ్చేసింది. రావడమైతే వచ్చింది గాని చేతిలో ఉన్నది పాకిస్తాన్ పాస్‌పోర్టు. మట్టెవాడలో పుట్టి, మట్టెవాడ నీళ్లు తాగి పెరిగిన మనిషి మట్టెవాడలో ఉండడానికి పోలీసు కచేరీలో గడువు అడుక్కోవాలి. ఆరు నెలలకోసారి తండ్రీకూతుళ్లు ఇద్దరూ అక్కడికి పోయేవారు. అప్పుడున్న పెద్దసారు పాతకాలపు మనిషి, ఉర్దూ వచ్చినవాడు. చిచ్చాను కుర్చీలో కూర్చోబెట్టి, చాయ్ తాగించి, గడువు పొడిగించి పంపేవాడు. ఇక్కడి మనిషిగా రాయించుకునే దారి ఏదైనా ఉందేమో పైకి రాస్తానని కూడా అన్నాడట. చిచ్చా ఆ ఒక్క మాట పట్టుకుని ఏళ్లు గడిపాడు.

ఆపా పెద్దగా మాట్లాడేది కాదు. అప్పుడు రేషను దుకాణాల్లో అమెరికా గోధుమలు వచ్చి పడ్డాయి. వరి లేదు, జొన్న లేదు, తింటే ఇవే తినాలి. మా వీధి ఆడవాళ్లకు ఆ పిండి ఎట్లా తడపాలో తెలియక రొట్టెలు చేస్తే చెప్పు అట్టల్లా వచ్చేవి. ఆపా ఒక్కొక్కరి ఇంటికి పోయి నేర్పింది. ఎన్ని నీళ్లు, ఎంతసేపు నానాలి, పెనం మీద ఎప్పుడు తిప్పాలి. మా ఆవిడ ఆమె చేతి రొట్టెలు చూసి మురిసిపోయేది. "ఆపా, మీరు కరాచీకి తిరిగి పోవుడేమన్న ఉంటదా?" అని ఒకసారి అడిగిందట. ఆపా పిండి కలుపుతూనే, "నాకు ఇంకేం వద్దు వదినా. ఇక్కడ ఉండనిస్తే చాలు" అన్నదట. మా ఆవిడ ఆ మాట నాతో చెప్పి ఏడ్చింది.

గోధుమల విషయంలో చిచ్చాకు మొదటి నుంచీ అనుమానమే. అమెరికాలో పడుచువాడు అధ్యక్షుడైనప్పుడు బజారంతా సంబరపడింది, ఈయన పెదవి విరిచాడు. ఆ పడుచువాణ్ణి ఎవరో కాల్చి చంపి, ఆ కుర్చీలో ఇంకొకాయన కూర్చున్నప్పుడు చిచ్చా మోకాళ్లు రుద్దుకోలేదు. "ఈ కొత్తోడు లెక్కలు చూసే మనిషి లెక్కున్నడు. ఏడాదికి సరిపడ ఒక్కపారి ఇయ్యడు. ఓడ ఓడకు మనం సలాం కొట్టాలె" అన్నాడు. నిజంగానే తర్వాత్తర్వాత అట్లాగే అయింది. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్లు పేపరు మీద లేవు, వాళ్లింటి గుమ్మం మీద ఉన్నాయి. మాకు పెద్దసారు బదిలీ అయ్యాడని అంతకు రెండు రోజుల ముందే తెలిసింది.

కొత్తగా వచ్చినాయన కోస్తా వైపు మనిషి. వయసు తక్కువ. వస్తూనే, అరటిపళ్లు డబ్బులివ్వకుండా తీసుకున్నందుకు ఒక పోలీసు జమేదారును పనిలోంచి పక్కన పెట్టాడని చెప్పుకున్నారు. పొద్దున్నే ఒంటరిగా నడకకు పోయేవాడు, దారిలో ఎవరు ఎదురైనా మొహంలోకి తేరిపార చూసేవాడు. ఉర్దూ ముక్క రాదు. ఆపా గడువు ఇంకా కొద్ది రోజులే ఉంది.

చిచ్చా తన పాత విద్య బయటికి తీశాడు. పదిహేనేళ్లుగా పెట్టెలో మూసిపెట్టిన విద్య. కొత్త సారు బంగళాలో వంటచేసేవాడితో మాట కలిపాడు. చాకలిని కూర్చోబెట్టి సారు ఏ బట్టలు కడతాడో అడిగాడు. సారు భార్య మా కొట్టుకు వచ్చి రెండు చీరలు కొన్నప్పుడు, ఆమె పోయిన తర్వాత, ఏ రంగులు తీసింది, బేరం చేసిందా, ఏమన్నది అని నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయన మొహంలో అంత కళ చూశాను. సారు సెలవు రోజుల్లో ఖద్దరు కడతాడని తేలింది. వేషాలన్నా భేషజాలన్నా గిట్టదని తేలింది. మూడో రోజు చిచ్చా మా కొట్టులోకి వచ్చి, తెల్ల ఖద్దరు ధోతీ, లాల్చీ గుడ్డ చూపించమన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నీకు ధోతీ కట్టుకోవడం వస్తదా అని మొహం మీదే అడిగాను. సర్కారు పని మీద పోయేవాడు తన బట్టల్లో తాను పోవాలి గాని ఇదేం పని అని కూడా అన్నాను. ఆయన వినలేదు. హైదరాబాదు మారక మునిగింది, నేను మునగను అన్నాడు. మా కొట్టు వెనక గదిలో తలుపేసుకుని ధోతీ కట్టుకోవడం నేర్చుకున్నాడు. కట్టడం, నాలుగడుగులు వేయడం, జారిపోవడం, మళ్లీ కట్టడం. నేను కుచ్చిళ్లు సర్దుతుంటే రెండు చేతులూ పైకెత్తి పసిపిల్లవాడిలా నిలబడ్డాడు. "నమస్కారమండీ, తమరి దయ" అనే మాట కోస్తావాళ్ల యాసలో పలుకుతూ నాకు అప్పజెప్పాడు. నవ్వాపుకోలేక ఒకసారి బయటికి పోయాను. బయట నిలబడ్డాక నవ్వు రాలేదు, భయమేసింది.

పోయే రోజున ఆపా గుమ్మంలో నిలబడి తండ్రిని చూసింది. ఖద్దరు ధోతీ, లాల్చీ, తలమీద టోపీ లేదు. "టోపీ అన్న పెట్టుకోండి అబ్బాజాన్" అన్నది. ఆయన తల అడ్డంగా ఊపి, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఆపాను ఆ రోజు రావద్దన్నాడు, ముందు తాను పోయి దారి వేయాలట.

కొత్త సారు మమ్మల్ని కూర్చోమన్నాడు. మర్యాద తప్పలేదు. చిచ్చా నేర్చుకున్న నమస్కారం నేర్చుకున్నట్టే పెట్టాడు. సారు ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"మిమ్మల్ని మొన్న శుక్రవారం మసీదు దగ్గర చూశానండీ. నల్ల షేర్వాణీ వేసుకున్నారు. మీరేగా?"

చిచ్చా అవునన్నాడు.

"మరి ఇవాళ ఇలా ఎందుకొచ్చారు?"

ఎంతమంది రెసిడెంట్లను మెప్పించిన నోరు అది. ఆ నోరు తడబడింది. తమరికి నచ్చుతదని అని ఏదో గొణిగాడు. సారు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, అరిచేవాడికి కోపం తగ్గుతుందన్న ఆశ ఉంటుంది.

"నాకేది నచ్చుతుందో మీకెవరు చెప్పారండీ? నా వంటవాణ్ణి అడిగారు. నా చాకలిని అడిగారు." నా వైపు తిరిగి, "మా ఆవిడ చీరలు కొన్న కొట్టు మీదేననుకుంటా" అన్నాడు. మళ్లీ చిచ్చా వైపు తిరిగాడు. "మీ అమ్మాయి దగ్గర ఉన్నది ఏ దేశం పాస్‌పోర్టో మీకు తెలుసు. అలాంటి ఇంటి మనిషి పోలీసు ఆఫీసరు ఇంట్లో కూపీలు లాగుతున్నాడంటే నేనేమనుకోవాలి? దాచడానికేమీ లేనివాడు బట్టలెందుకు మార్చుకుంటాడు?"

నేను మధ్యలో కల్పించుకుని, ఈయన పాతకాలపు మర్యాదల మనిషి సార్, వేరే ఏమీ లేదు సార్ అని చెప్పబోయాను. చేత్తో ఆపాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఇది ఇప్పటికీ అనుకుంటాను. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఆ కూపీలు కూపీల్లాగే కనపడతాయి. అవి ఒక మర్యాద అనీ, అట్లా అడిగి తెలుసుకోవడమే గౌరవమనుకునే కొలువు ఒకటుండేదనీ ఆయనకు ఎట్లా తెలుస్తుంది? గడువు ఒక్క నెలకు పొడిగించాడు. ప్రతి సోమవారం ఆపా వచ్చి కనపడాలన్నాడు. చిచ్చా లేచి, అలవాటు కొద్దీ సలాం చేయబోయి, ఆగి, నమస్కారం పెట్టబోయి, అదీ సగంలో ఆపేశాడు.

తిరిగొచ్చేటప్పుడు నడిరోడ్డు మీద ధోతీ కుచ్చిళ్లు ఊడిపోయాయి. ఒక చేత్తో పట్టుకుని నడిచాడు. బండి కట్టిస్తానంటే వద్దన్నాడు. చాలా దూరం నడిచాక, "మంచి ఆఫీసర్ సేటూ. పని తెల్సినోడు" అన్నాడు.

ఆ తర్వాత వీధి మారిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక పోలీసు మా వీధి చివర పాన్ డబ్బా దగ్గర నిలబడడం మొదలుపెట్టాడు, అంతే. రొట్టెలు నేర్చుకున్న ఆడవాళ్లు ఆపా ఎదురైతే నీళ్ల బిందె సర్దుకుంటూ పోయేవారు. నా కొట్టుకు కూడా గిరాకీ కొద్దిగా పలచబడింది. చిచ్చాను లోపల కూర్చోబెట్టు, అరుగు మీద ఎందుకు అని ఒక పెద్దమనిషి నాకు సలహా ఇచ్చాడు. ఆ పెద్దమనిషిని ఆ రోజు నుంచీ నా అరుగు ఎక్కనివ్వలేదు. మా ఆవిడ మాత్రం రోజూ గోడ పక్క నుంచి కూరగిన్నె అందిస్తూనే ఉంది. సోమవారాలు ఆపా తలమీద కొంగు సర్దుకుని ఒక్కతే పోయి, ఒక్కతే వచ్చేది. పోయినప్పటి నుంచి వచ్చేదాకా చిచ్చా గుమ్మంలో నిలబడే ఉండేవాడు.

అట్లా నెలకో గడువుతో ఏడాది పైనే గడిచింది. మళ్లీ ఎండలు ముదురుతున్న రోజుల్లో పేపర్లో రెండు వార్తలు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి, కచ్ వైపు సరిహద్దులో కాల్పులు. రెండోది, మన ప్రధానమంత్రి అమెరికా వస్తానంటే అక్కడి అధ్యక్షుడు ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం అన్నాడని. బజారులో అందరూ కాల్పుల గురించే మాట్లాడుకున్నారు. చిచ్చా రెండో వార్త రెండుసార్లు చదివాడు. పేపరు మడిచి నా చేతికిచ్చాడు.

"రావద్దన్నడంటే అయిపోయినట్టే. పోయినంక తిట్టినా ఫికర్ లేదు, మాట నడుస్తది. రావద్దంటే ఇగ మాట లేదు. మన బిడ్డ సంగతి సుత గంతే."

దేశం సంగతి మాట్లాడుతూ బిడ్డ సంగతి ఎత్తడం అదే మొదటిసారి. అంతకు ముందు ఎప్పుడూ ఒకదాని పేరు చెప్పి రెండోది దాచుకునేవాడు. ఊరికే భయపడకు చిచ్చా, నెల కాకపోతే ఇంకో నెల ఇస్తారులే అన్నాను. నా మాట నాకే నమ్మకంగా వినపడలేదు.

అనుకున్నట్టే అయింది. ఆ సోమవారం ఆపా పోతే, గడువు లేదు, దేశం వదిలి పోవాలి, ఫలానా రోజు బండికి ఇద్దరు పోలీసులు తోడు వచ్చి సరిహద్దు దాకా దింపుతారు అని చెప్పి పంపారు. నేను ఊరి పెద్దలు ఇద్దరు ముగ్గురి కాళ్లావేళ్లా పడ్డాను. అందరూ అయ్యో అన్నారు, ఎవరూ కదలలేదు. చిచ్చా మాత్రం ఎవరి దగ్గరికీ పోలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. నాకు ఆ ఊరుకోవడమే ఎక్కువ భయం పుట్టించింది.

కాజీపేట స్టేషను మధ్యాహ్నపు ఎండలో పెనంలా ఉంది. మా ఆవిడ రొట్టెలు కట్టి ఇచ్చింది, ఆపా నేర్పిన రొట్టెలే. ఇద్దరు పోలీసుల్లో ఒకడు మరిపెడ వైపు మనిషి, మా మేనమామ వాళ్లను ఎరిగినవాడు. బండి కదిలేదాకా లోపల బిడ్డ దగ్గర కూర్చోనిమ్మని చిచ్చా అడిగితే, కూసో తాతా అన్నాడు. నేను కిటికీ బయట నిలబడ్డాను. తండ్రీకూతుళ్లు ఏం మాట్లాడుకుంటారో అని చూశాను. ఏమీ మాట్లాడుకోలేదు. ఆపా మాత్రం ఒకసారి, పెరట్లో మిరపనారుకు నీళ్లు పోయాలని చెప్పింది. ఆయన సరేనన్నాడు. ఆవలి దేశంలో దిగిన తర్వాత ఏ కచేరీకి పోవాలి, ఎవరికి ఎట్లా సలాం చేయాలి, ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు, ఇవన్నీ చెబుతాడని ఎదురుచూశాను. ఇన్నేళ్లు ఇక్కడ ఉండొచ్చిన మనిషిని వాళ్లు మాత్రం అనుమానించరా? ఆయనకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. అయినా నోరు మెదపలేదు.

కూత వేసింది. పోలీసు వచ్చి దిగమన్నాడు.

"నేను దిగ."

పోలీసుకు అర్థం కాలేదు. టికెట్ లేదు గద తాతా అన్నాడు. లేదన్నాడు చిచ్చా. మరి దిగాలె గద అన్నాడు.

"దిగ అంటున్న గద."

జీ హుజూర్ లేదు, తమరి దయ లేదు, గొంతులో ఆ పాత మెత్తదనం లేదు. ఆయన నోటి నుంచి అంత పొట్టి మాట నేను ఎన్నడూ వినలేదు. చిచ్చా, దిగు, లోపలేస్తరు అని కిటికీలోంచి అరిచాను. ఆయన నా వైపు తిరగలేదు. బండి కదిలింది. నేను దాంతో పాటు నడిచాను, తర్వాత పరుగెత్తాను. ఆపా రెండు చేతులతో తండ్రి చెయ్యి పట్టుకుని ఉండడం కనపడింది. ప్లాట్‌ఫాం అయిపోయింది.

రామగుండంలో దింపారట. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని లేపారని ఆ మరిపెడ పోలీసు తర్వాత నాకు చెప్పాడు. ఆపా ఏడవలేదట, అరవలేదట. చెయ్యి మాత్రం వదల్లేదు, వేలు వేలూ విడదీయాల్సి వచ్చిందన్నాడు. చెప్పి, మొహం తుడుచుకుని, నాకు ఇద్దరు బిడ్డలున్నరు సేటు అని వెళ్లిపోయాడు.

మర్నాడు చిచ్చా ఏదో బండి పట్టుకుని తిరిగొచ్చాడు. నేను పోయేసరికి నట్టింట్లో కింద కూర్చుని ఉన్నాడు. నాకు కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. ఏంది చిచ్చా ఆ పని, ఈ వయసుల జైల్ల ఏస్తే ఎవరు చూస్తరు అని కేకలేశాను. ఆయన నేను అరవడం అయ్యేదాకా ఓపిగ్గా విన్నాడు.

"ఇన్నేండ్ల కొలువుల కాదు అన్న మాట ఒక్కపారి నోట్లకెల్లి రానియ్యలే సేటూ. అంటే ఏమైతదో అని. నిన్న అన్న. ఏం గాలే. గుంజి దించిండ్రు, గంతే." కళ్లజోడు తీసి తుడుస్తూ అన్నాడు, "గా ధోతి కట్టుకున్న రోజే గా మాట అంటే అయిపోవు. నా బిడ్డ టోపీ పెట్టుకోమన్నది."

ఆ వానాకాలం పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. ఆపా ఆవలికి చేరిందో లేదో, చేరితే అక్కడ ఎవరు ఉండనిచ్చారో మాకు తెలియలేదు. యుద్ధం ఆగే లోపలే చిచ్చా పోయాడు. కబురు పంపుదామంటే ఎక్కడికి పంపాలో మాలో ఎవరికీ తెలియదు.